మంచు తొలగించే ట్రక్కు

మంచు తొలగించే ట్రక్కు అనగా ముందు భాగాన వెడల్పైన బ్లేడును అమర్చుకొని, రోడ్లపైన, పార్కింగ్ స్థలాలలోను, ఇళ్ళ ముంగిళ్ళలోను పడిన మంచును పక్కకు నెట్టివేసే వాహనం. ఆంగ్లంలో దీనిని స్నో ప్లౌ ట్రక్ అంటారు. ప్లౌ అంటే నాగలి. నాగలి మట్టిని చీల్చి పక్కకు ఒరగవేసినట్లే ఈ బ్లేడు మంచును ఒరగవేస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉత్తర ప్రాంతం, కెనడా, ఉత్తర ఐరోపా దేశాలు, జపాన్ వంటి చోట్ల శీతాకాలంలో ఈ వాహనాలు అత్యవసర సేవలలో భాగం.

తెలుగులో మంచు అనే మాటను పొగమంచుకు, రాత్రి కురిసే మంచుకు, హిమానికి, గడ్డకట్టిన నీటికి కూడా వాడతారు. ఈ వ్యాసంలో మంచు అనగా ఆకాశం నుండి రేకులుగా కురిసే హిమం. అది తొక్కుడు పడి లేదా కరిగి మళ్ళీ గట్టిపడి రోడ్డుకు అతుక్కున్నప్పుడు మంచుగడ్డ అని పేర్కొనబడింది.

ఈ పనికి వాడే ట్రక్కులు రెండు విధాలు. ప్రభుత్వ రహదారులపై తిరిగే భారీ ట్రక్కులు మొదటి రకం. చిన్న గుత్తేదారులు, ఇళ్ళ యజమానులు వాడే పికప్ ట్రక్కులు రెండవ రకం. ఈ వ్యాసంలో ప్రధానంగా ఉత్తర అమెరికాలోని రెండవ రకం ట్రక్కు ఎంపిక, వాడకం గురించి వివరించబడింది.

అవసరం

కొత్తగా పడిన పొడి మంచు చాలా తేలికగా ఉంటుంది. ఒక ఘనపు మీటరు 50 నుండి 100 కిలోల వరకు తూగుతుంది. అదే మంచు కొంత కరిగి తడిసి కుంగితే ఘనపు మీటరుకు 300 కిలోలు, అంతకు మించి కూడా ఉండవచ్చు. కాబట్టి మంచు ఎంత ఎత్తున పడింది అన్నదాని కంటే ఎలాంటి మంచు పడింది అన్నది ముఖ్యం. ఉదాహరణకు 2.4 మీటర్ల వెడల్పు గల బ్లేడుతో 15 సెంటీమీటర్ల మంచును 30 మీటర్ల దూరం తిన్నగా నెట్టుకుపోతే, పక్కలకు ఏమీ జారిపోదనుకుంటే, బ్లేడు ముందు 10.8 ఘనపు మీటర్ల మంచు చేరుతుంది. అది ఘనపు మీటరుకు 100 కిలోల పొడి మంచు అయితే ఒక టన్నుకు కొంచెం ఎక్కువ; 300 కిలోల తడి మంచు అయితే మూడు టన్నులకు పైగా. ఒకే ట్రక్కు ఒక రోజు సులభంగా చేసిన పని మరొక రోజు చేయలేకపోవడానికి కారణం ఇదే.

మంచు తొలగింపు ఆలస్యమైతే అంబులెన్సులు, అగ్నిమాపక శకటాలు కదలలేవు. 2022 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగర ప్రాంతాన్ని ముంచెత్తిన మంచు తుఫానులో 40 మందికి పైగా మరణించారు. సహాయక వాహనాలే దారిలో చిక్కుకుపోయినందున అనేకమందికి సమయానికి వైద్యం అందలేదు.

చరిత్ర

అమెరికాలో గుర్రాలు లాగే మంచు నాగళ్ళు మొదట 1862లో మిల్వాకీ నగరంలో వాడినట్లు చెబుతారు. 1888 మార్చిలో అమెరికా ఈశాన్య తీరాన్ని కమ్మిన మంచు తుఫానులో సుమారు 400 మంది చనిపోయారు. నగరాలు తుఫాను ఆగేదాకా వేచి ఉండకుండా, మంచు పడుతుండగానే తొలగింపు పని ప్రారంభించాలన్న ఆలోచనకు ఈ తుఫాను బలం చేకూర్చింది.

మోటారు వాహనాల వ్యాప్తితో బ్లేడు గుర్రాల నుండి ట్రక్కులకు మారింది. న్యూయార్క్ రాష్ట్రంలోని క్లేటన్ పట్టణానికి చెందిన కార్ల్ ఫ్రింక్ 1920ల నాటికే వాహనాలకు అమర్చే మంచు నాగళ్ళను తయారు చేసిన తొలితరం ఉత్పత్తిదారులలో ఒకడు. నార్వేలో హాన్స్, ఈవెన్ ఓవరాసెన్ అనే సోదరులు 1923లో కార్లకు తగిలించే మంచు నాగలిని తయారు చేశారు. కెనడాలోని క్యుబెక్‌కు చెందిన ఆర్థర్ సికార్డ్ 1925లో మంచును పీల్చి దూరంగా చిమ్మే యంత్రాన్ని రూపొందించాడు.

మంచు తొలగింపు రాజకీయాలను కూడా ప్రభావితం చేసింది. 1969 ఫిబ్రవరిలో న్యూయార్క్ నగరంలో పడిన మంచును క్వీన్స్ ప్రాంతపు వీధులలో చాలా రోజుల వరకు తొలగించకపోవడంతో మేయర్ జాన్ లిండ్సే ప్రజాగ్రహానికి గురయ్యాడు. 1979 జనవరి తుఫాను తరువాత చికాగోలో వీధులు శుభ్రపడక రవాణా స్తంభించింది. కొద్ది వారాలకే జరిగిన డెమొక్రటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికలో మేయర్ మైఖేల్ బిలాండిక్ జేన్ బర్న్ చేతిలో ఓడిపోయాడు. ఆ ఓటమికి మంచు ముఖ్య కారణమని అప్పటి నుండి చెప్పుకుంటారు.

నిర్మాణం

పికప్ ట్రక్కుకు అమర్చే మంచు నాగలిలో నాలుగు ముఖ్య భాగాలు ఉంటాయి.

* బ్లేడు: మంచును ఒరగవేసే వంపు తిరిగిన పలక. ఉక్కు, స్టెయిన్‌లెస్ స్టీలు లేదా పాలిథీన్‌తో చేస్తారు. పాలిథీన్‌కు మంచు తక్కువగా అంటుకుంటుంది, తుప్పు పట్టదు.
* కోత అంచు: బ్లేడు అడుగున బోల్టులతో బిగించిన ఉక్కు పట్టీ. రోడ్డును గీకేది ఇదే. అరిగినప్పుడు దీనిని మాత్రమే మార్చుకోవచ్చు.
* చట్రం: ట్రక్కు చాసిస్‌కు బిగించే ఆధారం. శీతాకాలం తరువాత నాగలిని విప్పివేసినా చాసిస్‌కు బిగించిన భాగం అలాగే ఉంటుంది.
* హైడ్రాలిక్ వ్యవస్థ: బ్లేడును ఎత్తడానికి, దించడానికి, ఎడమకు కుడికి తిప్పడానికి ఉపయోగపడే పంపు, సిలిండర్లు. పికప్ ట్రక్కులలో ఈ పంపు సాధారణంగా ట్రక్కు బ్యాటరీతో నడిచే విద్యుత్ మోటారు సహాయంతో పనిచేస్తుంది. డ్రైవరు చేతిలోని మీటతో దీనిని నియంత్రిస్తాడు.

మంచు కింద కనిపించని రాయి, కాలిబాట అంచు, మ్యాన్‌హోల్ మూత తగిలినప్పుడు బ్లేడు విరగకుండా స్ప్రింగుల ఏర్పాటు ఉంటుంది. కొన్ని నాగళ్ళలో బ్లేడు మొత్తం ముందుకు వాలుతుంది. మరికొన్నింటిలో కింది అంచు మాత్రమే వెనుకకు మడుచుకుంటుంది. రెండవ పద్ధతిలో బ్లేడు ముందున్న మంచు కుప్ప ఒలికిపోదు.

బ్లేడు ఆకారాన్ని బట్టి మూడు రకాలు వాడుకలో ఉన్నాయి.

* తిన్నని బ్లేడు: ధర, బరువు తక్కువ. ఇళ్ళ ముంగిళ్ళకు, చిన్న స్థలాలకు సరిపోతుంది.
* వి ఆకారపు బ్లేడు: మధ్యలో కీలు ఉండి రెండు రెక్కలు విడివిడిగా కదులుతాయి. ముక్కులా మొన తేల్చితే గట్టిపడిన మంచును చీల్చుతుంది. దోసిలిలా లోపలికి మడిస్తే మంచును పట్టుకొని మోసుకుపోతుంది. బరువు, ధర రెండూ ఎక్కువ.
* రెక్కల బ్లేడు: రెండు చివరలా చిన్న రెక్కలు ఉండి అవసరాన్ని బట్టి చాచుకొనే లేదా ముడుచుకొనే బ్లేడు. పెద్ద పార్కింగ్ స్థలాలకు అనుకూలం.

బ్లేడు వెడల్పును నిర్ణయించేటప్పుడు ఒక విషయం గమనించాలి. బ్లేడును పక్కకు తిప్పినప్పుడు అది శుభ్రపరచే వెడల్పు తగ్గుతుంది. 2.4 మీటర్ల బ్లేడును 30 డిగ్రీలు తిప్పితే సుమారు 2.1 మీటర్లు మాత్రమే శుభ్రపడుతుంది. ఈ తగ్గిన వెడల్పు కూడా ట్రక్కు చక్రాల వెడల్పు కంటే ఎక్కువ ఉండాలి. లేనిచో చక్రాలు తొలగించని మంచును తొక్కి మంచుగడ్డగా మారుస్తాయి.

ట్రక్కు ఎంపిక

మంచు తొలగింపుకు ట్రక్కును ఎంచుకొనేటప్పుడు చాలామంది ఇంజను శక్తిని చూస్తారు. నిజానికి నేటి పికప్ ట్రక్కులలో దేనికీ ఇంజను శక్తి కొరవడదు. అసలు హద్దు ముందు ఇరుసు మోయగల బరువు, చక్రాలకు రోడ్డుపై దొరికే పట్టు. పొడి తారురోడ్డుపై టైరుకు 0.7 నుండి 0.8 వరకు ఉండే ఘర్షణ గుణకం మంచుగడ్డపై 0.1 స్థాయికి పడిపోతుంది. పట్టు లేనప్పుడు ఎంత శక్తి గల ఇంజనైనా చక్రాన్ని ఉన్నచోటనే తిప్పుతుంది.

తరగతులు

అమెరికాలో పికప్ ట్రక్కులను అర టన్ను, ముప్పావు టన్ను, ఒక టన్ను అని వ్యవహరిస్తారు. ఒకప్పుడు అవి మోయగల బరువును బట్టి వచ్చిన ఈ పేర్లు నేటి అసలు సామర్థ్యాన్ని తెలియజేయవు.

* అర టన్ను: ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో 1500, రామ్ 1500 వంటివి. తేలికైన తిన్నని బ్లేడుతో సొంత ఇంటి ముంగిలి శుభ్రం చేసుకోవడానికి ఇవి సరిపోవచ్చు.
* ముప్పావు టన్ను: ఫోర్డ్ ఎఫ్-250, సిల్వరాడో 2500, రామ్ 2500 వంటివి. గుత్తేదారులు విరివిగా వాడేవి ఇవే. సాధారణంగా 7.5 నుండి 8 అడుగుల బ్లేడును అమర్చుతారు.
* ఒక టన్ను: ఫోర్డ్ ఎఫ్-350, సిల్వరాడో 3500, రామ్ 3500 వంటివి. 8 నుండి 9 అడుగుల బ్లేడును, వెనుక ఉప్పు చల్లే యంత్రాన్ని కలిపి మోయడానికి ఇవి అనుకూలం.

ముందు ఇరుసు బరువు

ప్రతి ట్రక్కుకు మొత్తం బరువు పరిమితి, ఒక్కొక్క ఇరుసుకు వేరుగా బరువు పరిమితి ఉంటాయి. వీటిని డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన చీటీలో చూడవచ్చు. నాగలి ట్రక్కుకు ముందు వేలాడుతుంది కనుక తులాదండ సూత్రం ప్రకారం దాని అసలు బరువు కంటే ఎక్కువ భారం ముందు ఇరుసుపై పడుతుంది. వెనుక ఇరుసు తేలికవుతుంది.

ఉదాహరణకు నాగలి బరువు 350 కిలోలు, దాని గరిమనాభి ముందు ఇరుసుకు 1.5 మీటర్ల ముందు ఉన్నదని, ట్రక్కు రెండు ఇరుసుల మధ్య దూరం 3.6 మీటర్లని అనుకొందాం. బ్లేడును ఎత్తినప్పుడు ముందు ఇరుసుపై అదనంగా పడే భారం 350 × (3.6 + 1.5) ÷ 3.6, అనగా దాదాపు 496 కిలోలు. వెనుక ఇరుసుపై 350 × 1.5 ÷ 3.6, అనగా దాదాపు 146 కిలోల భారం తగ్గుతుంది. 350 కిలోల నాగలి కొన్న వ్యక్తి ముందు ఇరుసు విషయంలో దాదాపు 500 కిలోల లెక్క వేసుకోవాలి. దీనికి తోడు ముందు సీట్లలో కూర్చునే మనుషుల బరువు, పెద్ద డీజిల్ ఇంజను అయితే దాని అదనపు బరువు కూడా ముందు ఇరుసుకే ఎక్కువగా చేరతాయి. అందువలన అదే తరగతి ట్రక్కులలో డీజిల్ ఇంజను గలది పెట్రోలు ఇంజను గలదాని కంటే తేలికైన నాగలిని మాత్రమే మోయగల సందర్భాలు ఉన్నాయి.

పరిమితిని మించి బరువు వేస్తే ట్రక్కు వెంటనే విరిగిపోదు. బాల్ జాయింట్లు, బేరింగులు, స్ప్రింగులు త్వరగా అరుగుతాయి, స్టీరింగు వదులవుతుంది, బ్రేకు వేసినప్పుడు ఆగే దూరం పెరుగుతుంది. ట్రక్కు తయారీ సంస్థలు మంచు నాగలి కోసం ప్రత్యేక సన్నాహక అమరికను కొన్ని నమూనాలకు అదనపు ఖర్చుతో ఇస్తాయి. ఇందులో గట్టి ముందు స్ప్రింగులు, పెద్ద ఆల్టర్నేటరు వంటివి ఉంటాయి. నాగలి తయారీ సంస్థలు కూడా ఏ ట్రక్కుకు ఏ నాగలి తగునో ట్రక్కు నమూనా, సంవత్సరం, క్యాబిన్ రకాన్ని బట్టి పట్టికలు ప్రకటిస్తాయి. కొనుగోలుకు ముందు ఈ రెండింటినీ సరిచూసుకోవాలి.

ప్రతిభారం

వెనుక ఇరుసు కోల్పోయిన బరువును తిరిగి ఇవ్వడానికి ట్రక్కు వెనుక భాగంలో వేసే బరువును ప్రతిభారం అంటారు. దీనిని ఎక్కడ ఉంచారన్నది ముఖ్యం. పై ఉదాహరణలో వెనుక ఇరుసుకు 0.6 మీటర్ల వెనుకగా ఉంచితే 125 కిలోలతో వెనుక ఇరుసు పూర్వపు బరువుకు వస్తుంది. పైగా ముందు ఇరుసుపై దాదాపు 20 కిలోల భారం తగ్గుతుంది. అదే ఇరుసుకు 0.6 మీటర్ల ముందుగా, క్యాబిన్ వైపు ఉంచితే 175 కిలోలు కావాలి. ముందు ఇరుసుపై దాదాపు 30 కిలోల భారం పెరుగుతుంది. ఇసుక బస్తాలు ఈ పనికి అనుకూలం. చక్రాలు జారినప్పుడు ఆ ఇసుకనే కింద చల్లుకోవచ్చు. ప్రతిభారం కదలకుండా గట్టిగా కట్టి ఉంచాలి. అకస్మాత్తుగా బ్రేకు వేసినప్పుడు కట్టని బరువు దూసుకువచ్చి క్యాబిన్‌ను ఢీకొనగలదు.

చక్రాలు, గేర్లు

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే ఫోర్ వీల్ డ్రైవ్ ఈ పనికి దాదాపు తప్పనిసరి. శీతాకాలపు టైర్లు మెత్తని రబ్బరుతో చేయబడి చలిలోనూ బిగుసుకుపోవు. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు గుర్తు ఉన్న టైర్లు మంచుపై పట్టు పరీక్షలో నెగ్గినవి. మరీ వెడల్పైన టైర్లు మంచుపై తేలినట్లు జారుతాయి కనుక ఇరుకైన టైర్లే మేలు.

నిమిషానికి పలుమార్లు ముందుకు, వెనుకకు మారే పని కాబట్టి ఆటోమేటిక్ గేరుబాక్సు డ్రైవరుకు సౌకర్యం. అయితే ఈ పనిలో త్వరగా చెడేది కూడా అదే. ట్రక్కు పూర్తిగా ఆగకముందే వెనుక గేరు వేయడం, ఎక్కువ మంచును ఒకేసారి నెట్టడం వలన గేరుబాక్సు నూనె అతిగా వేడెక్కుతుంది. బరువైన మంచులో తక్కువ వేగపు శ్రేణి గేరును వాడితే ఆ వేడి తగ్గుతుంది. గేరుబాక్సు నూనెకు అదనపు కూలరు ఉండటం మంచిది.

విద్యుత్తు, ఇంధనం

విద్యుత్ పంపు బ్లేడును ఎత్తిన ప్రతిసారీ బ్యాటరీ నుండి అధిక ప్రవాహాన్ని తీసుకుంటుంది. దీపాలు, హీటరు, అద్దం తుడిచే వైపర్లు అదే సమయంలో పనిచేస్తూ ఉంటాయి. చలిలో బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది. అందుకే బ్యాటరీపై ముద్రించే చలి ప్రారంభ సామర్థ్యాన్ని −18 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలుస్తారు. ఈ సంఖ్య ఎక్కువగా ఉన్న బ్యాటరీని, పెద్ద ఆల్టర్నేటరును ఎంచుకోవాలి. డీజిల్ ట్రక్కు అయితే తీవ్రమైన చలిలో డీజిల్‌లోని మైనం గట్టిపడి ఫిల్టరును మూసివేస్తుంది. దీనిని నివారించడానికి శీతాకాలపు డీజిల్‌ను వాడాలి.

పాత ట్రక్కు కొనుగోలు

మంచు పనికి వాడిన పాత ట్రక్కులు తక్కువ ధరకు దొరుకుతాయి. చాసిస్‌పై బోల్టు రంధ్రాలు, ముందు భాగం కుంగి ఉండటం, క్యాబిన్‌లో మీట బిగించిన గుర్తులు ఉంటే ఆ ట్రక్కు నాగలి మోసినదని గ్రహించవచ్చు. చాసిస్, బ్రేకు గొట్టాల తుప్పు, బాల్ జాయింట్ల అరుగుదల చూడాలి. గేరుబాక్సు నూనె నల్లబడి మాడిన వాసన వస్తే కొనకపోవడం మేలు.

వాడే విధానం

మంచుకు ముందు

పని మొదటి మంచుకు ముందే ప్రారంభమవుతుంది. స్థలమంతా నడిచి చూసి కాలిబాట అంచులు, వేగ నిరోధకాలు, మురుగు కాలువ జాలీలు, అగ్నిమాపక కుళాయిలు ఎక్కడ ఉన్నవో గుర్తించాలి. నేల గడ్డకట్టక ముందే వాటి పక్కన పొడవైన రంగు కర్రలు పాతాలి. కుప్పలు ఎక్కడ వేయాలో కూడా అప్పుడే నిర్ణయించాలి. వాలుకు ఎగువన కుప్ప వేస్తే పగలు కరిగిన నీరు స్థలమంతా పారి రాత్రికి గడ్డకడుతుంది. కాబట్టి కుప్పను ఎప్పుడూ వాలుకు దిగువన, కాలువకు అడ్డం రాకుండా వేయాలి. శీతాకాలం పొడవునా కుప్పలు పెరుగుతూ పోతాయి కనుక మొదటి కుప్పను వీలైనంత దూరంగా వేయాలి.

మంచు పడుతున్నప్పుడు

తుఫాను ఆగాక ఒకేసారి తొలగించడం కంటే 5 నుండి 8 సెంటీమీటర్లు పడినప్పుడల్లా తొలగించడం ట్రక్కుకు సులభం. వాహనాలు తొక్కక ముందే తొలగిస్తే మంచుగడ్డ ఏర్పడదు. పెద్ద స్థలంలో మధ్య నుండి ప్రారంభించి, బ్లేడును వంచి, వరుసలుగా అంచులకు నెట్టుకుపోతారు. మంచు ఎక్కువగా ఉన్నప్పుడు బ్లేడు పూర్తి వెడల్పును కాక సగం వెడల్పును మాత్రమే మంచులోకి పోనిస్తారు. మరీ లోతైన మంచులో మొదట బ్లేడును కొంత ఎత్తి పైపొరను, తరువాత కింది పొరను తీస్తారు.

కుప్ప దగ్గరికి వచ్చినప్పుడు బ్లేడును క్రమంగా పైకి ఎత్తుతూ మెల్లగా నెట్టాలి. బ్లేడు ముందున్న మంచు మెత్తగా తగిలి ఆగిపోతుంది. వేగంగా వెళ్ళి గడ్డకట్టిన కుప్పను ఢీకొంటే చాసిస్ వంగవచ్చు, ట్రక్కు కుప్పపైకి ఎక్కి చక్రాలు గాలిలో తేలవచ్చు.

గ్యారేజీ తలుపు ముందున్న మంచును ముందుకు నెట్టడానికి వీలుండదు. అటువంటి చోట తలుపు దగ్గర బ్లేడును దించి, వెనుక గేరులో మంచును ఈడ్చుకువచ్చి, తరువాత తిరిగి బయటికి నెట్టాలి. కంకర నేలపై బ్లేడు కింద ఇనుప పాదాలు అమర్చి అంచును ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తి ఉంచాలి. లేనిచో కంకరంతా మంచుతో కలిసి పోతుంది.

వేగం

పని చేసేటప్పుడు గంటకు 16 నుండి 22 కిలోమీటర్ల వేగం మించకూడదని, బ్లేడు ఎత్తి రోడ్డుపై వెళ్ళేటప్పుడు 65 నుండి 72 కిలోమీటర్లు మించకూడదని నాగలి తయారీదారుల సూచనలలో సాధారణంగా ఉంటుంది. ఎత్తిన బ్లేడు రేడియేటరుకు గాలి తగలకుండా అడ్డుపడుతుంది. ఇంజను వేడెక్కితే బ్లేడును కొంత దించి లేదా పక్కకు తిప్పి ఉంచాలి.

ఉప్పు చల్లడం

బ్లేడు మంచును తీస్తుంది కానీ రోడ్డుకు అతుక్కున్న పలుచని మంచుగడ్డ పొరను తీయలేదు. దానికి ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రత వద్ద గడ్డకడుతుంది. సోడియం క్లోరైడ్ ద్రావణం 23.3 శాతం గాఢత వద్ద −21 డిగ్రీల వరకు ద్రవంగా ఉండగలదు. అయితే రోడ్డుపై −9 డిగ్రీల కంటే చల్లబడితే మామూలు ఉప్పు చాలా మెల్లగా పనిచేస్తుంది. అంతకంటే చలిలో కాల్షియం క్లోరైడ్ వంటి లవణాలను కలుపుతారు. మంచుకు ముందే ఉప్పునీటిని రోడ్డుపై చల్లి, మంచు అతుక్కోకుండా చేసే పద్ధతి కూడా ఉంది.

ఉప్పు వాహనాలను, వంతెనల ఉక్కును తుప్పు పట్టిస్తుంది. చెరువులు, బావులు, నేలలోకి చేరిన క్లోరైడును తొలగించడం దాదాపు అసాధ్యం. కావున ముందుగా బ్లేడుతో వీలైనంత తీసి, మిగిలిన పొరకే ఉప్పు వాడటం సరైన పద్ధతి.

ప్రమాదాలు, జాగ్రత్తలు

మంచు తొలగించే ట్రక్కు వెనుకకు పోవడం ముందుకు పోయినంత ఎక్కువ. తుఫానులో వెనుక అద్దం మంచుతో కప్పబడి ఉంటుంది. నడిచివెళ్ళేవారు వెనుక గేరులో ఉన్న ట్రక్కు కింద పడిన ప్రమాదాలు జరిగాయి. పిల్లలు కుప్పలలో సొరంగాలు తవ్వి ఆడుకుంటారు. వారు లోపల ఉన్నది డ్రైవరుకు కనిపించదు. ఈ కారణంగా ఇంటి ముంగిలి వైపున్న కుప్పలలో పిల్లలను ఆడనివ్వకూడదు. డ్రైవరు కుప్పపైకి నెట్టేముందు దిగి చూడాలి.

* సీటు బెల్టు తప్పనిసరి. నెమ్మదిగా పోతున్నా, దాగి ఉన్న కాలిబాట అంచు తగిలితే డ్రైవరు తల స్టీరింగుకు కొట్టుకుంటుంది.
* ట్రక్కు దిగేముందు బ్లేడును నేలకు దించి, పార్కింగ్ బ్రేకు వేయాలి. ఎత్తిన బ్లేడు కింద చేతులు, కాళ్ళు పెట్టకూడదు.
* పొగగొట్టం మంచులో కూరుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి చేరి ప్రాణం తీయగలదు. ఇంజను నడుపుతూ నిద్రపోకూడదు.
* బ్లేడు ట్రక్కు దీపాలను కప్పివేస్తుంది కనుక నాగలిపై వేరే దీపాలు ఉండాలి. పైన తిరిగే హెచ్చరిక దీపం రంగును ఆయా ప్రభుత్వాల నియమాలు నిర్ణయిస్తాయి. కెనడాలోని ఒంటారియోలో నీలి దీపం వాడతారు.
* రాత్రంతా, ఒక్కోసారి రోజుకు మించి సాగే పని వలన అలసట కలుగుతుంది. వంతులవారీగా ఇద్దరు డ్రైవర్లు ఉండటం మేలు.

2023 జనవరి 1న అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో హాలీవుడ్ నటుడు జెరెమీ రెన్నర్ మంచు పనికి వాడే భారీ యంత్రం కింద పడి ముప్పైకి పైగా ఎముకలు విరిగి, ప్రాణాపాయం నుండి బయటపడ్డాడు. అది ట్రక్కు కాదు, పట్టాలపై నడిచే యంత్రం. అతడు పార్కింగ్ బ్రేకు వేయకుండా దిగిన తరువాత యంత్రం జారిందని, దానిని ఆపబోయి కింద పడ్డాడని అధికారుల విచారణలో తేలింది.

రహదారిపై పనిచేస్తున్న ట్రక్కు వెనుక వచ్చే వాహనదారులు తగినంత దూరం పాటించాలి. అది లేపే మంచు పొగలో ముందున్నది కనిపించదు. పక్క రెక్క ఉన్న ట్రక్కును ఎన్నడూ దాటడానికి ప్రయత్నించరాదు.

నిర్వహణ

ప్రతి తుఫాను తరువాత ట్రక్కు అడుగు భాగాన్ని, నాగలిని మంచినీటితో కడిగి ఉప్పును వదిలించాలి. బోల్టులు బిగించాలి. హైడ్రాలిక్ నూనెను ఏడాదికి ఒకసారి మార్చాలి. ఆ నూనెలో నీరు చేరితే చలిలో గడ్డకట్టి కవాటాలు పనిచేయవు. కోత అంచు పూర్తిగా అరిగేదాకా ఆగితే బ్లేడు అడుగు భాగమే అరగడం మొదలవుతుంది. శీతాకాలం ముగిశాక సిలిండర్ల కడ్డీలకు గ్రీజు రాసి, నాగలిని విప్పి భద్రపరచాలి. హైడ్రాలిక్ గొట్టం, కొన్ని బోల్టులు, ఫ్యూజులు, ఒక సీసా నూనె ఎప్పుడూ ట్రక్కులో ఉంచుకోవాలి. అర్ధరాత్రి తుఫానులో ఇవి దొరకవు.

చట్టం, ఒప్పందాలు

ఇంటి ముంగిలిలోని మంచును ప్రభుత్వ రోడ్డుపైకి నెట్టడం, రోడ్డుకు అడ్డంగా ఆవలి వైపుకు నెట్టుకుపోవడం అమెరికాలోని అనేక రాష్ట్రాలలోను, ఒంటారియోలోను నిషిద్ధం. అగ్నిమాపక కుళాయిలను, వికలాంగుల పార్కింగ్ స్థలాలను మంచుతో పూడ్చకూడదు. అనేక పురపాలక సంఘాలలో ఇంటి ముందున్న కాలిబాటను నిర్ణీత సమయంలోగా శుభ్రం చేయించడం ఇంటి యజమాని బాధ్యత. అమెరికా, కెనడాలకు వలస వెళ్ళి ఇళ్ళు కొనుక్కున్న తెలుగువారికి ఈ వాహనంతో తొలి పరిచయం తరచుగా ఈ బాధ్యత మూలంగానే కలుగుతుంది.

గుత్తేదారులు వచ్చిన ప్రతిసారికి ఇంత, గంటకు ఇంత లేదా శీతాకాలం మొత్తానికి ఇంత అని రుసుము నిర్ణయిస్తారు. మూడవ పద్ధతిలో మంచు తక్కువ పడితే గుత్తేదారుకు, ఎక్కువ పడితే యజమానికి లాభం. ఎన్ని అంగుళాలు పడితే పని ప్రారంభించాలి, ఉప్పు చల్లడం అందులో చేరి ఉన్నదా, ఎవరైనా జారిపడితే బాధ్యత ఎవరిది అన్నవి ఒప్పందంలో స్పష్టంగా రాసుకోవాలి. సాధారణ వాహన బీమా ఇటువంటి వ్యాపారపు పనికి వర్తించకపోవచ్చు కనుక ప్రత్యేక బీమా తీసుకోవాలి.

నగరాలలో భారీ ట్రక్కులు

రహదారులపై పనిచేసే భారీ ట్రక్కుకు ముందు బ్లేడుతో పాటు పక్క రెక్క, వెనుక ఉప్పు చల్లే యంత్రం ఉంటాయి. న్యూయార్క్ నగరంలో చెత్త సేకరించే ట్రక్కులకే బ్లేడులు తగిలించి మంచు తొలగిస్తారు. జర్మనీ, ఆస్ట్రియా దేశాలలో యూనిమాగ్ అనే బహుళ ప్రయోజన వాహనం ఈ పనికి ప్రసిద్ధి. కెనడాలోని మాంట్రియల్ నగరంలో మంచును పక్కకు నెట్టడంతో ఆగకుండా, చిమ్మే యంత్రాలతో లారీలలో నింపి నగరంలోని నిర్ణీత స్థలాలకు తరలిస్తారు. మంచు నాగళ్ళకు ప్రజలచేత పేర్లు పెట్టించే సరదా ఆచారం స్కాట్లాండులోను, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలోను ఉన్నది.

భారతదేశంలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మంచు కురవదు కాబట్టి అక్కడ ఈ వాహనాల అవసరం లేదు. హిమాలయ ప్రాంతంలో సరిహద్దు రహదారుల సంస్థ మంచును తొలగిస్తుంది. 1960లో ఏర్పడిన ఈ సంస్థ జోజిలా, రోహ్‌తాంగ్ వంటి కనుమలలో పనిచేస్తుంది. అక్కడ హిమపాతాలు దొర్లి రోడ్డుపై మీటర్ల ఎత్తున గట్టిపడిన మంచును బ్లేడు ఉన్న పికప్ ట్రక్కు కదపలేదు. బుల్‌డోజర్లను, మంచును కోసి దూరంగా చిమ్మే యంత్రాలను వాడతారు. శ్రీనగర్‌ను లడఖ్‌తో కలిపే జోజిలా కనుమ 2023లో 68 రోజుల మూసివేత తరువాత మార్చి 16న తెరుచుకుంది. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం వలన మనాలి నుండి లాహౌల్ లోయకు వెళ్ళేవారికి రోహ్‌తాంగ్ కనుమపై మంచు తొలగించేదాకా వేచి ఉండే అవసరం తప్పింది.

ఇవి కూడా చూడండి

* హిమపాతం
* ట్రక్కు
* హైడ్రాలిక్ యంత్రాలు
* సోడియం క్లోరైడ్
* సరిహద్దు రహదారుల సంస్థ
* జోజిలా కనుమ